దాణా సంచి మీద రాయని మాట

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా వీధి చివర చికెన్ కొట్టు దగ్గర పదిమందిమి నిలబడి ఉన్నాం. మా అపార్ట్‌మెంట్‌లోనే మూడో అంతస్తులో ఉండే ఒకావిడ నన్ను చూసి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "డాక్టరుగారూ, మీరు కోళ్ల డాక్టరుగా చేశారు కదా, నిజం చెప్పండి. వీటికి హార్మోన్ ఇంజెక్షన్లు చేస్తారటగా? మా పాపకి తొమ్మిదేళ్లు. పెట్టాలో మానాలో తెలియట్లేదు. ఈయనేమో ఆదివారం ముక్క లేకపోతే ఊరుకోరు."

"హార్మోన్లు ఏమీ ఉండవమ్మా, ధైర్యంగా పెట్టండి" అన్నాను. ఆవిడ హమ్మయ్య అనుకుని కిలో స్కిన్‌లెస్ కొట్టించుకుని వెళ్లిపోయారు. ఇంటికి వచ్చి సంచి వంటగదిలో పెట్టాక నాకే మనసు ఒప్పలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ సగం నిజమే. ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

హార్మోన్ల భయం వదిలేద్దాం

ముందు ఆ మొదటి సగం సంగతి తేల్చేద్దాం. నలభై రోజుల్లో రెండు కిలోలు దాటే కోడిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మన అమ్మమ్మ గంప కింద పెంచిన కోడి ఆ బరువుకు రావడానికి నెలలు పట్టేది. ఇందులో ఏదో మతలబు ఉందనుకోవడం సహజం.

ఆ మతలబు ఇంజెక్షన్‌లో కాదు, జాతిలో ఉంది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1957 నాటి కోళ్ల వంశాన్ని, 1978 నాటి వంశాన్ని, 2005 నాటి వంశాన్ని పక్కపక్కనే ఉంచి, ఒకే రకం దాణా పెట్టి పెంచారు. ఫలితాలు 2014లో ప్రచురించారు. 56 రోజులకు మొదటి వంశం కోడి 905 గ్రాములు తూగింది. రెండోది 1,808 గ్రాములు. మూడోది 4,202 గ్రాములు. తిండి ఒక్కటే, తేడా అంతా పుట్టుకలోది. బాగా ఎదిగినవాటిని ఏరి, వాటికే పిల్లలు పుట్టించుకుంటూ తరాల తరబడి సాగిన ఎంపిక అది. మన రైతు వరి విత్తనంలో మేలురకం ఏరుకున్నట్టే.

పైగా ఎదుగుదల హార్మోన్ ఒక ప్రొటీన్. దాణాలో కలిపితే మనం తిన్న పప్పులోని ప్రొటీన్‌లాగే కోడి కడుపులో అరిగిపోతుంది. ఇంజెక్షనే చేయాలంటే ఐదువేల కోళ్ల షెడ్డులో ఒక్కోదాన్నీ పట్టుకుని రోజూ సూది వేయాలి. ఆ కూలి ఖర్చుకు కోడి అమ్మిన డబ్బులు చాలవు. ఆడపిల్లలు చిన్న వయసులోనే పెద్దమనుషులు కావడానికి ఉన్న కారణాల్లో అధిక బరువు ఒకటి. ఆ విషయంలో బెంగ ఉంటే పిల్లల డాక్టరుకు చూపించాలి గానీ, కోడిని దోషిని చేసి ఊరుకోకూడదు.

కలిపేవన్నీ చెడ్డవి కావు

దాణాలో ఏవో కలుపుతారన్న మాట నిజమే. కానీ ఆ మాట వినగానే ఉలిక్కిపడక్కర్లేదు. బ్రాయిలర్ దాణాలో ప్రధానంగా ఉండేవి మొక్కజొన్న, సోయాచెక్క. ఈ గింజల్లోని భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని సరిగా విడదీసే శక్తి కోడికి లేదు. అందుకే ఫైటేజ్ అనే ఎంజైము కలుపుతారు. కోడి ఎముకకు భాస్వరం అందుతుంది, పెంటలో వృథాగా పోయేది తగ్గుతుంది. లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు కలుపుతారు. అవి లేకపోతే ఎంత తిన్నా కండ పట్టదు.

మాంసం నాణ్యత కోసం కలిపేవీ ఉన్నాయి. విటమిన్ ఇ, సెలీనియం సరిపడా అందిన కోడి మాంసంలో కొవ్వు త్వరగా చెడిపోదు, ఫ్రిజ్‌లో ఉంచినా వాసన రావడం ఆలస్యమవుతుంది. పేగుల ఆరోగ్యానికి ప్రొబయోటిక్స్ వాడతారు. మనకు పెరుగు ఎలాగో వాటికి అవి అలాగ. కడుపులో చెడు క్రిములు పెరగకుండా సేంద్రియ ఆమ్లాలు, వెల్లుల్లి, పసుపు లాంటివాటి సారాలు వాడేవాళ్లున్నారు. వీటిలో కొన్ని బాగా పనిచేస్తాయి, కొన్ని ఒక ఫారంలో పనిచేసి ఇంకో ఫారంలో పనిచేయవు. వానాకాలంలో మొక్కజొన్నకు బూజు పడితే ఆఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. దాన్ని పట్టి ఉంచే బంకమట్టి లాంటి పదార్థాలూ కలుపుతారు. ఇవేవీ మన పిల్లలకు ముప్పు తెచ్చేవి కావు.

ఈ జాబితాలో నేను వేరుగా పెట్టేది ఒక్కదాన్నే. జబ్బు లేకపోయినా, కేవలం త్వరగా ఎదగడానికి, కొద్దికొద్దిగా రోజూ దాణాలో కలిపే యాంటీబయాటిక్.

భీమవరం అబ్బాయి ల్యాబులో

ఈ అలవాటు పుట్టుకలో మన తెలుగువాడి నీడ ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

అదే సంస్థలో థామస్ జూక్స్ అనే శాస్త్రవేత్త కోడిపిల్లలకు చవగ్గా విటమిన్ బి12 అందించే దారి వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ తయారుచేశాక మిగిలిన పిప్పిని దాణాలో కలిపి చూశారు. పిల్లలు అనుకున్నదానికన్నా ఎక్కువ ఎదిగాయి. కారణం విటమిన్ ఒక్కటే కాదు, పిప్పిలో మిగిలిపోయిన కాస్తంత యాంటీబయాటిక్ కూడా అని తర్వాత తేలింది. 1950 నుంచి ఈ కబురు ప్రపంచమంతా పాకింది. మనుషుల ప్రాణం నిలపడానికి కనిపెట్టిన మందు కోడి బరువు పెంచే సరుకుగా మారింది.

నేనూ రాసిచ్చినవాణ్నే

ఎవరినో తప్పుపట్టడానికి ముందు నా సంగతి చెప్పాలి. తొంభైల్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యుణ్ని. రైతు స్కూటరు మీద వచ్చి "బ్యాచ్ ఎదగట్లేదు సార్, ఏదైనా రాయండి" అనేవాడు. నేను చీటీ మీద ప్రీమిక్స్ పేరు, టన్ను దాణాకు ఇన్ని గ్రాములు అని రాసిచ్చేవాణ్ని. అందులో యాంటీబయాటిక్ ఉందని నాకు తెలుసు. వారం తిరిగేసరికి బరువు వచ్చేది. రైతు దణ్ణం పెట్టేవాడు. కొత్త సంవత్సరానికి మందుల కంపెనీ డైరీ, గోడ గడియారం ఇచ్చేది. తప్పు చేస్తున్నానని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

అది ఎలా పనిచేస్తుందో సరిగ్గా చదివింది చాలా తర్వాత. క్రిములే లేని గదుల్లో కోడిపిల్లల్ని పెంచి, అదే మందు పెట్టి చూస్తే ఎదుగుదలలో తేడా రాలేదని 1960ల్లోనే ప్రయోగాల్లో తేలింది. కొత్తగా కట్టిన శుభ్రమైన షెడ్డులో దాని ప్రభావం తక్కువ. పాత షెడ్డులో, కిక్కిరిసిన చోట, తడిసిన ఊకలో ఎక్కువ. అంటే ఆ మందు కోడికి బలం ఇవ్వడం లేదు. మన అశుభ్రతను కప్పిపుచ్చుతోంది. అమోనియా వాసనకు కళ్లు మండే షెడ్డులో నిలబడి నేను రాయాల్సింది ఊక మార్చమని, గాలి ఆడేలా చూడమని, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య షెడ్డుకు విరామం ఇమ్మని. అది రాస్తే రైతుకు పని ఎక్కువ, ఖర్చు ఎక్కువ. ప్రీమిక్స్ రాస్తే అందరికీ సులువు.

ఒకే ఇంటిపేరున్న మందులు

కోడికి ఇచ్చే మందు వేరు, మనకు ఇచ్చేది వేరు అనుకుంటాం. పేర్లు వేరు, కుటుంబం ఒకటే. కోళ్లకు వాడే క్లోర్‌టెట్రాసైక్లిన్, మనకు రాసే డాక్సీసైక్లిన్ ఒక ఇంటివి. టైలోసిన్‌ది అజిత్రోమైసిన్ కుటుంబం. ఎన్రోఫ్లాక్ససిన్ కోడి ఒంట్లోకి వెళ్లాక కొంత సిప్రోఫ్లాక్ససిన్‌గానే మారుతుంది. ఈ కారణంగానే అమెరికా 2005లో కోళ్లకు ఎన్రోఫ్లాక్ససిన్ అనుమతిని రద్దు చేసింది.

జబ్బు చేసిన కోడికి సరైన మోతాదులో, సరైన రోజులు మందు ఇవ్వడం వేరు. అది ఇవ్వాల్సిందే. రోజూ చిటికెడు కలిపితే జరిగేది ఏమిటంటే, బలహీనమైన క్రిములు చచ్చి, తట్టుకున్నవి మిగులుతాయి. అవే పెరుగుతాయి. ఆ తట్టుకునే గుణాన్ని పక్క క్రిములకూ పంచుతాయి. ఒక మందుకు అలవాటుపడిన క్రిమి దాని కుటుంబంలోని మిగతా మందులకూ లొంగకపోవచ్చు. ఐరోపాలో అవోపార్సిన్ అనే దాణా మందు వాడిన ఫారాల్లో, ఆస్పత్రుల్లో ప్రాణాధారమైన వాంకోమైసిన్‌కు లొంగని క్రిములు కనిపించాయి. రెండూ ఒకే కుటుంబం. డెన్మార్క్ 1995లో, ఐరోపా సమాఖ్య 1997లో దాన్ని ఆపేశాయి.

ఇక కొలిస్టిన్. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని డాక్టర్లు ఎప్పుడో పక్కనపెట్టిన పాత మందు. కొత్త మందులు ఒక్కొక్కటే పనిచేయకుండా పోతుంటే, చివరి అస్త్రంగా మళ్లీ బయటికి తీశారు. అదే సమయంలో అది కోళ్ల దాణాలో టన్నుల లెక్కన కలుస్తోంది. కొలిస్టిన్‌ను ఓడించే జన్యువు ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి తేలిగ్గా దాటుతోందని 2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, చేపల చెరువులకు, దాణాకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది.

ఆ తర్వాత రెండేళ్లకు మా అన్నయ్యకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, షుగరు ఉంది. కల్చర్ రిపోర్టులో మందుల పేర్లు వరుసగా ఉన్నాయి. దాదాపు ప్రతి పేరు పక్కనా 'ఆర్' అన్న అక్షరం. అంటే పనిచేయదని. "ఇంక కొలిస్టిన్ ఒకటి మిగిలింది, కిడ్నీలు కనిపెట్టుకుంటూ ఇవ్వాలి" అన్నాడు కుర్ర డాక్టరు. వదిన నా వైపు చూసింది, అది మంచి మందేనా మరిదీ అన్నట్టు. ఆ పేరు నేను మొదట చదివింది ఆస్పత్రిలో కాదు, దాణా మందు డబ్బా మీద. అన్నయ్య పద్దెనిమిది రోజులకు ఇంటికి వచ్చాడు. కిడ్నీల డాక్టరు దగ్గరికి మాత్రం ఇప్పటికీ వెళ్తున్నాడు.

ఆ క్రిమి కోడి నుంచే వచ్చిందని నేను అనను. జలుబుకు, జ్వరానికి మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ మింగిన మనందరి వాటా అందులో ఉంది. కానీ నా చీటీల వాటా లేదని కూడా అనలేను.

అవశేషం వేరు, మొండి క్రిమి వేరు

మాంసంలో మందు మిగిలి ఉంటుందా అని అందరూ అడుగుతారు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాల నుంచి తెచ్చిన 70 చికెన్ నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించాయి. అందుకే కోతకు ముందు ఇన్ని రోజులు మందు ఆపాలన్న నియమాలు, మాంసంలో ఇంతకు మించి ఉండకూడదన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిమితులు ఉన్నాయి. అవి అవసరమే.

అయితే గడువు ప్రకారం మందు ఆపేస్తే అవశేషం పోతుంది గానీ, అప్పటికే మొండికెత్తిన క్రిమి పోదు. అవశేషాల పరీక్షలో పాసైన మాంసం మీద కూడా అది ఉండొచ్చు. బాగా ఉడికిస్తే చచ్చిపోతుంది. కానీ అంతకుముందే మన చేతికి, కత్తిపీటకు, సింకుకు, పక్కనే తరిగిన కీర దోసకాయకు అంటుకోవచ్చు. షెడ్డులో పనిచేసే కూలీకి అంటొచ్చు. కోళ్ల పెంటతో పాటు పొలానికి, కాలువకు చేరొచ్చు. అందుకే ఇది శాకాహారుల ఇళ్లకు సంబంధం లేని విషయం కాదు.

మానేస్తే ధర ఎంత పెరుగుతుంది?

"యాంటీబయాటిక్ లేకుండా పెంచితే చికెన్ సామాన్యుడికి అందదు" అన్నది ఎప్పుడూ వినే వాదన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మధ్యతరగతి ఇంట్లో పిల్లలకు చవగ్గా దొరికే మంచి ప్రొటీన్ గుడ్డు, చికెనే.

లెక్క చూద్దాం. డెన్మార్క్ కోళ్ల పరిశ్రమ 1998 నాటికి ఎదుగుదల కోసం వాడే యాంటీబయాటిక్స్‌ను పూర్తిగా మానేసింది. ముందు, తర్వాత లెక్కలు పోలిస్తే ఉత్పత్తి తగ్గలేదు. కిలో బరువు పెరగడానికి సుమారు 16 గ్రాముల దాణా ఎక్కువ పట్టింది. దాణా కిలో నలభై రూపాయలనుకుంటే, అది 65 పైసలకు మించదు. వాళ్ల షెడ్లు మెరుగైనవి, వాతావరణం చల్లనిది, పేగుల్లో వచ్చే రక్తపారుడు రోగానికి మనుషులకు వాడని వేరే రకం మందులు వాడుతూనే ఉన్నారు. మన మే నెల ఎండల్లో అంత తేలిక కాదు. సరే, పది రెట్లు వేసుకుందాం. ఆరున్నర రూపాయలు. కార్తీక మాసం ముందు, తర్వాత కిలో ధరలో మనం చూసే తేడా అంతకన్నా ఎక్కువే.

స్వీడన్ 1986లోనే ఈ అలవాటును నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి నుంచి అన్ని ఎదుగుదల యాంటీబయాటిక్స్‌నూ ఆపింది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందులను ఎదుగుదల కోసం వాడటాన్ని అమెరికా 2017లో ముగించింది. చైనా కూడా 2020లో దాణాలో వీటిని మాన్పించింది. ఆ దేశాల్లో కోడికూర తినడం ఎవరూ మానలేదు.

రైతును తిట్టి లాభం లేదు

ఇప్పుడు మన దగ్గర చాలామంది బ్రాయిలర్ రైతులు కంపెనీలతో ఒప్పందం మీద పెంచుతున్నారు. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. కిలోకు ఇంత అని పెంపకం కూలి వస్తుంది. ఇంటి గుమ్మం ముందు దిగిన దాణా సంచిలో ఏముందని అడిగితే రైతు చెప్పలేడు. సంచి మీద ప్రొటీన్ శాతం ఉంటుంది, పీచు శాతం ఉంటుంది. ఈ ఒక్క మాట ఉండని సంచులు నేను ఎన్నో చూశాను.

నేను కోరేది పెద్ద విషయం కాదు. ప్రతి దాణా సంచి మీద, ప్రతి ప్రీమిక్స్ డబ్బా మీద, యాంటీబయాటిక్ ఉంటే దాని పేరు, మోతాదు తెలుగులో రాయాలి. లేకపోతే లేదని రాయాలి. జబ్బుకు వాడాలంటే పశువైద్యుడి చీటీ ఉండాలి, ఆ చీటీ లెక్కల్లో కనిపించాలి. ఎదుగుదల కోసం వాడటం ఏ మందుతోనైనా ఆగాలి. ఒక్క కొలిస్టిన్‌ను నిషేధించి ఊరుకుంటే దాని స్థానంలోకి ఇంకొకటి వస్తుంది. హాస్టళ్లకు, క్యాంటీన్లకు కోడిమాంసం, గుడ్లు కొనే ప్రభుత్వమే టెండరులో ఈ షరతు పెడితే, మార్కెట్ దానంతటదే దారికి వస్తుంది.

మన వంటింట్లో

అప్పటిదాకా మనం చేయగలిగినవి ఉన్నాయి.

చికెన్‌ను కుళాయి ధార కింద కడగకండి. తుంపరలు సింకు చుట్టూ పడతాయి. పసుపు, ఉప్పు వేసి కడిగే అలవాటు ఉంటే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, తర్వాత సింకును, చేతులను సబ్బుతో శుభ్రం చేయండి. మాంసానికి కత్తి, పలక వేరుగా ఉంచండి. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం మూతపెట్టి అడుగు అరలో ఉండాలి. ఎముక దగ్గర ఎర్రగా కనిపించకుండా ఉడకాలి.

'నాటుకోడి' అన్న బోర్డు చూసి నిశ్చింతగా ఉండకండి. నాటుకోడిలా కనిపించే జాతులను ఇప్పుడు ఫారాల్లోనూ పెంచుతున్నారు. రంగు చూసి కాదు, ఎలా పెంచారో అడిగి కొనండి. ప్యాకెట్ మీద 'యాంటీబయాటిక్ రహితం' అని ఉంటే, ఎవరు పరీక్షించారో కూడా చూడండి. కొట్టువాడికి జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే వాడు సరఫరాదారుణ్ని అడుగుతాడు.

అన్నిటికన్నా ముందు, మన ఇంట్లో జలుబుకు యాంటీబయాటిక్ మింగడం మానాలి. కోళ్ల షెడ్డును తప్పుపట్టే నోటితో, డాక్టరు రాయని మాత్ర మింగితే ఎలా?

మూడో అంతస్తు ఆవిడకు ఈ వారం మళ్లీ చెప్పాను. "అమ్మా, పాపకు చికెన్ పెట్టండి. హార్మోన్ల బెంగ అక్కర్లేదు. కానీ కొట్టు దగ్గర హార్మోన్ల గురించి అడగకండి. ఈ కోడి తిన్న దాణాలో యాంటీబయాటిక్ ఉందా అని అడగండి." ఆవిడ కాసేపు ఆలోచించి, "వాడికేం తెలుస్తుంది డాక్టరుగారూ?" అన్నారు.

నిజమే, తెలియదు. అతనికి తెలియదు, రైతుకు తెలియదు, మనకు తెలియదు. సంచి కుట్టేవాడికి ఒక్కడికే తెలుసు. అది మారాలనే ఈ రాత.